రేపు పెళ్లిచూపులు, ఈరోజు నా మూతి

మంగళవారం రాత్రి, 1979 ఎండాకాలం

సాయంత్రం పుక్కిలిస్తే నీళ్లు ఎడమపక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూస్తే మూతి వంకరపోయి, సగం ముఖం జారి ఉంది. రేపేమో మనవరాలు సుజాతను చూడ్డానికి యాడికి అనే ఊరి నుంచి పెళ్లికొడుకు వాళ్లు వస్తారు. అతని తండ్రికి గొర్రెల మంద ఉంది. మందలోకి విత్తనపు పొట్టేలును కొనేవాళ్లు కొమ్ములు రెండూ సమంగా ఉన్నాయా అని చూస్తారు. అది చాలక దాన్ని పుట్టించిన పొట్టేలును కూడా చూస్తారు. ఆడ నెమలి కూడా తోక చూసే జోడు ఎంచుకుంటుందని ఎక్కడో చదివాను. ఆ పెళ్లికొడుకు తండ్రి నన్ను చూసి, వంకర మా రక్తంలోనే ఉందనుకుంటే?

"యోవ్, నోరు మూసుకోని కూసుంటే కనపడదులే. నలభై ఏండ్లుగా అదే చెప్తాండా," అంది మా ఆవిడ.

"లేదు, మన గొర్రెల దొడ్లో దాంకుంటా," అన్నాను.

సుజాత నవ్వలేదు. "నీ మూతి జూసి పోయేటోడు పోనీలే తాతా. చిన్నతాతకు గూడా మొదట మూతే గదా వంకరపోయింది?"

తమ్ముడు ఆ వారం దాటలేదు. నేనేమో ఇంతసేపూ సంబంధం గురించే భయపడుతున్నాను.

ఎడమ కన్ను దానంతటదే మూతపడడం లేదు. కుడి కన్ను మూయడానికి నాకు ధైర్యం చాలడం లేదు.