వదిలేసి వచ్చిన ఫిర్యాదులు

చింతామణి, ఆగస్టు 2009, ఆదివారం

మేం రాసిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను కోడ్, వాడేవాళ్ళ ఫిర్యాదులు ఉంచే కొత్త సైటుకు మార్చామని గొప్పగా చెబుదామని, పెళ్ళిపత్రికలు అచ్చేసే నాగరత్నక్క అంగడికి వెళ్ళాను. అంతా విని ఒకటే అడిగింది.

“ఒత్తులు విడిపోతాండాయని పాత సైటులో రాసినాను కదప్పా. జవాబొచ్చిందేమో అని దినామూ చూస్తాండా. అది కొత్తదాంట్లో యాడ ఉండాది?”

“మార్చేటప్పుడు పాత ఫిర్యాదులన్నీ పోయినాయక్కా” అన్నాను.

పోలేదు. కోడ్‌తో పాటు ఫిర్యాదులూ తేవాలా అని కొత్త సైటు అడిగితే వద్దన్నది నేనే. నేను జవాబివ్వని ఫిర్యాదులు అన్నేసి కనిపిస్తే చూసినవాళ్ళు నన్నేమనుకుంటారో అని.

“పోతే పోనీలేప్పా, నువ్వేం చేస్తావు? మళ్ళీ రాస్తా” అంటూ, చేస్తున్న పత్రిక పక్కన పెట్టి మొదటినుంచి టైపు చెయ్యసాగింది. నాకు కాఫీ తెప్పించింది. ఆపమంటే నిజం చెప్పాల్సి వస్తుంది. కాఫీ తాగాను.

ఇప్పుడు కొత్త పేజీలో ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు ఆమెదే. చివర్లో “తొందరేమీ లేదు, తీరికైనప్పుడు చూడప్పా” అని రాసింది.

బయటివాళ్ళకు మూసేసినా నాకు మాత్రం ఇంకా తెరుచుకునే పాత సైటులో, ఆమె పాత ఫిర్యాదు కూడా తెరిచి చూశాను. దాని చివరా ఇదే మాట.