శరణప్ప విప్పని జాకెట్టు

మహానంద వదినకు,

నమస్కారం. నా రాత చూసి మళ్లీ ఏదో వేషం వేస్తున్నాననుకోకు. ఇందులో నవ్వేది ఏమీ లేదు.

కాకినాడ దగ్గర మడ అడవుల పాయల్లో చేపలు పట్టడానికి పోయిన మా నలుగురిలో ఈత రానిది శరణప్పన్నకే. లాడ్జిలోనే లైఫ్ జాకెట్టు తొడిగాడు. ఇడ్లీలు కూడా దాంతోనే తిన్నాడు.

"అన్నా, పెండ్లి కోటు గూడ గింతసేపు తొడుక్కోలే నువ్వు" అన్నాను.

మెడలోని లింగం పట్టుకుని, "ఒడ్డెక్కేదాక ఇప్పనని ఫోన్ల మీ వదినకు ఒట్టేసిన. నీకేంది నొప్పి?" అన్నాడు.

మధ్యాహ్నం పడవ అంచున గాలం చేతిలో పట్టుకునే కునుకు తీశాడు. మిగతా ఇద్దరు అటు తిరిగి ఉన్నారు. నేను మెల్లగా ఆయన జాకెట్టు బెల్టులు ఊడదీశాను. లేచి చూసుకుని బెదిరితే నవ్వుదామని. అంతలో చేప గాలం గుంజింది. నిద్రమబ్బులోనే లేచి బోర్లా నీళ్లలో పడ్డాడు. జాకెట్టు ఒక్కటే పైకి తేలింది. ఆయన తెల్లారి దొరికాడు.

స్టేషన్‌లో "ఉక్క పోస్తుందని ఆయనే ఇప్పుకున్నడు సార్" అని చెప్పాను. నువ్వూ అదే నమ్మావు. దినాల నాడు అందరి ముందు, "లింగం పట్టుకొని నాకు అబద్ధమాడిండు" అంటూ ఆయన ఫోటోను గోడవైపు తిప్పావు. నేను అక్కడే బూందీ వడ్డిస్తున్నాను.

ఇదే మాట రాసి పోలీసులకూ ఇస్తున్నాను. నన్నేం చేస్తావో నీ ఇష్టం. ముందు ఆ ఫోటో ఇటు తిప్పు వదినా. ఆయన విప్పలేదు.