మామా అన్న గొంతు

మంగళవారం, అనకాపల్లి

సబ్‌స్టేషన్లో ఉన్న సన్నాసి "తీసేసేను" అని తన నోటితో చెబితే తప్ప మా లైన్‌మన్ నూకరాజు స్తంభం ఎక్కడు. తుపానుకి ఫోన్లు పోయినప్పుడు కూడా ఆ మాట వినపడాలని, ఈ రోజు పూడిమడకలో వైర్‌లెస్ సెట్లు పరీక్షించాం. అందరూ వాడుకునే ఉచిత ఫ్రీక్వెన్సీ చాలని పట్టుబట్టింది నేనే. మాకంటూ సొంతంగా ఒకటి కావాలంటే అనుమతి వచ్చేసరికి ఈ వానాకాలం దాటిపోతుంది.

సెట్టులో "కరెంటు తీసేసేను మామా, ఎక్కిపో" అని వినిపించింది. సరే ఎక్కమని నేను తలూపాను. నూకరాజు కదల్లేదు.

"సన్నాసి నన్ను బావంటాడు గానీ మామనడు మేడం. ఈడెవుడో ఏటో, ఆగండి."

కనుక్కుంటే, పక్క వీధిలో పెళ్లి పందిరికి లైట్లు కడుతున్నవాళ్ల మాటలవి; వాళ్ల సెట్లూ ఆ ఉచిత ఫ్రీక్వెన్సీ మీదే ఉన్నాయి. మా లైన్లో కరెంటు అలాగే ఉంది. సన్నాసి ఇంకా స్విచ్ దగ్గరికే వెళ్లలేదట. నూకరాజు తెగ నవ్వాడు.

"మా సెల్లి మొగుడు మేడం. ఎంత కంగారులోనైనా వరస తప్పడు."

అతని నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది.

రేపు మీటింగులో సొంత ఫ్రీక్వెన్సీయే కావాలని అడుగుతాను. ఎందుకని అంటే ఏం చెప్పను, మా ఊళ్లో మామలు ఎక్కువనా? అది వచ్చేలోగా తుపాను వస్తే ఏం చేయాలో తెలియదు.

ఆ పందిరి కుర్రాడు పిలిచింది వాళ్ల బావనై ఉంటే...