తుంగలో ఈల

మల్లేశా,

చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, మన గల్లీ ఇడ్లీ బండి దగ్గర ఇకపై రెండోసారి చట్నీ పోయబడదు. నువ్వు పోయాక ఈ ఏడాదిలో ఇక్కడ జరిగిన పెద్ద మార్పు ఇదే.

నీ సంవత్సరీకం అయిపోయిందని నిన్న వదినను నీ చెరువుకు తీసుకుపోయాను. పిట్టల కోసం కంచె వేసి కాపాడుతున్న ఆ చెరువుకే. నువ్వు పోయినప్పటి నుంచి వదిన గడప దాటలేదు, ముఖాన నవ్వు లేదు. ఎట్లయినా నవ్వించాలనే నా తాపత్రయం. నీ బైనాక్యులర్ మెడలో వేసుకుని గట్టు మీద కూర్చుంది. నీళ్లు సగానికి ఎండిపోయాయి. నీకిష్టమైన ఈల వేసే బాతులు ఒక్కటీ లేవు.

"ఈసారి రాలేదా, శీనన్నా?" అంది.

"వస్తయి వదినా. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌ల ఇరుక్కున్నట్టున్నయి" అన్నాను.

తరువాత చాటుగా తుంగలో దూరి, నిన్ను ఏళ్లపాటు ఏమార్చినట్టే, బాతులా ఈల వేశాను. వదిన బైనాక్యులర్ తిప్పి తిప్పి వెతికి, చివరికి బురదలో నన్ను పట్టుకుంది.

"ఆయనను గూడ గిట్లనే పరేషాన్ చేసినవ్ గద అన్నా" అని కడుపుబ్బ నవ్వింది.

ఆ మాట అన్నది నిజమే. నవ్వడం మాత్రం నేను కల్పించాను. బైనాక్యులర్ మెడలోంచి తీసి నా చేతిలో పెట్టి, "ఇంటికి పోదాం" అంది.

నీ శీను