మీ పుస్తకంలో బట్టమేక

మావయ్యగారూ, నమస్కారం. మీరు వెళ్ళిపోయి పదకొండు నెలలు.

ముందుగా క్షమాపణలు. మీ బైనాక్యులర్సు అడక్కుండా తీసుకున్నందుకూ, మీ టోపీ పెట్టుకుని ఏలూరు స్టేషన్లో ఫొటో దిగినందుకూ, కొల్లేరు పక్షులన్నిటికీ మాస్టారైన మీకు ఇంతటి అల్పుడు మేనల్లుడైనందుకూ, సాష్టాంగపడి... సరే, చాలు. వీటిలో ఒక్కదానికీ నాకు బాధ లేదు.

శ్రీనూ నేనూ మళ్ళీ జైసల్మేర్ ఎడారి పార్కుకి వెళ్ళొచ్చాం. నాలుగేళ్ళ క్రితం, మా డిగ్రీలవగానే, మీరు మా ఇద్దర్నీ తీసుకెళ్ళిన చోటే. ఈసారి శ్రీను తాడేపల్లిగూడెం నుంచి తెచ్చిన పులిహోర రెండో రోజుకే పాడైంది. మీరుంటే పారేయనిచ్చేవారా? "ఎడారిలో తిండి పారేస్తావట్రా?" అని ముక్కు మూయించి మరీ తినిపించేవారు.

అప్పుడు మీరు కొల్లేరు కబుర్లు చెబుతుంటే దాహమే తెలియలేదు. ఈసారి తెలిసింది...

ఆ రోజు గుర్తుందా మీకు? దూరంగా గడ్డిలో ఏదో కదిలింది. అప్పటికే మీ కళ్ళలో శుక్లాలు. "ఒరేయ్, బట్టమేక పిట్టేనంటావా?" అన్నారు. దాని కోసం ముప్ఫై ఏళ్ళు ఎదురుచూశారు. నేను సరిగ్గానే చూశాను. బట్టా లేదు, పిట్టా లేదు. ఉత్త మేక, చెవులతో సహా. అయినా "అదేనండీ" అన్నాను. "చూడని పిట్టని పుస్తకంలో రాయకూడదురా" అని మాకు నేర్పిన మనిషి చేత మేకని రాయించాను.

"ఆపరేషనయ్యాక మళ్ళీ వద్దాం. ఇంకా బాగా కనబడుద్ది" అన్నారు. ఆపరేషనైంది. కళ్ళు బాగయ్యాయి. ఆగమని గుండెకి ఎవరు చెప్పారు?

ఈసారి, పార్కులో మూడో రోజు పొద్దున్న, కనిపించింది. నడుమెత్తు పిట్ట. తెల్లటి మెడ, నల్లటి టోపీ. పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా, తొందరేమీ లేకుండా నడిచింది. శ్రీను ఏడ్చాడు. నేను ఏదో జోకు వేయబోయాను. రాలేదు.

ఇంత బాగుంటుందని మాకెందుకు చెప్పలేదు? మీకు తెలిస్తే కదా...

జీపులోనే మీ పుస్తకం తెరిచాను. మేక ఉన్న వరుస కొట్టేశాను. దాని కింద తేదీ వేసి, బట్టమేక, ఒకటి, అని రాశాను.

ఇక నేను నిజంగా చేసిన తప్పు. చూసినవాళ్ళు అన్నచోట మూడు పేర్లు ఉన్నాయి మావయ్యగారూ. మొదటిది మీది.

దిద్దను.

మీ మేనల్లుడు