రిగ్గు అమ్మడం లేదు

అన్నయ్యకు,

బోర్లు వేసే మా రిగ్గు కొనడానికి మనిషి దొరికాడని రాశావు. ఆయనను రావద్దని చెప్పు.

కొత్త బోర్లు వేయకూడదని చట్టం వచ్చినప్పటి నుంచి, నా వంటకు వంకలు పెట్టడమే మీ బావగారి ఉద్యోగమైపోయింది. పోయిన నెల నీటి శాఖవాళ్లు వచ్చి, వాననీళ్లు భూమిలోకి దిగేలా గొట్టాలు వేసి పెట్టమని అడిగారు.

"ఊరంతటికీ నీళ్లు పైకి తెచ్చినవాణ్ణి. ఇప్పుడు కిందకు పొయ్యమంటారా?" అని ఆయన వాళ్లను కసిరి పంపేశారు.

ఆ వారమే మా వీధి బోరు ఎండిపోయింది. అది ఆయన వేసిన మొదటి బోరు. రెండు రోజులు ఆ బోరు చుట్టూనే తిరిగారు. తర్వాత రిగ్గు తీసుకెళ్లి, దాని పక్కనే నేల తొలిచి వాననీళ్ల గొట్టం దించారు.

నిన్న పెద్ద వాన. ఆయన తడుస్తూనే వెళ్లి గొట్టానికి చెవి ఆనించారు. నేను గొడుగు పట్టుకుని వెనకాలే వెళ్లాను.

"దిగుతున్నాయే," అన్నారు. తలెత్తి వీధి వైపు చూసి, "అప్పుడు ఇక్కడ నీళ్లు పడితే వీధి వీధంతా కేకలు వేసింది. ఇవాళ ఒక్కరూ రాలేదు చూడు," అన్నారు.

"నేను వచ్చానుగా," అన్నాను.

ఆయన నవ్వి, నన్నూ వినమని పక్కకు జరిగారు.

నీ చెల్లెలు