కారు కింద ఇంగువ డబ్బా

నాందేడ్, దసరా రాత్రి, 1978

పడుకున్నా నిద్ర పట్టలేదు, లేచి రాస్తున్నాను. పొద్దున పూజకని అంబాసిడర్ కడిగాను. ఏటా చేసినట్టే అడుగుభాగం కూడా తుడుద్దామని గోనె పరుచుకుని కిందికి దూరితే, వెనక బంపర్ లోపల తీగతో కట్టిన ఇంగువ డబ్బా కనిపించింది. కొత్తగా కట్టినట్టుంది. అడుగున చిల్లు, చిల్లులో దీపపు ఒత్తి, లోపల నీలిమందు పొడి. నేను బయల్దేరే ముందు నీళ్లు పోస్తే చాలు, కారు వెళ్లిన దారంతా నీలి చుక్కలే.

పత్తి బేరంలో నాతో పోటీపడేవాళ్ల పని అనుకున్నాను. ఒత్తి లాగి చూస్తే కొసకు పసుపు ఉంది. అలా పసుపు అద్దేది మా ఇంట్లో నా భార్య సుగుణ ఒక్కతే.

"ఏందండీ, ఇంక కారు కిందనే ఉన్నరు? పూజకు యాళ్లయితున్నది," అంది వచ్చి.

"ఆయిల్ పడుతున్నదేమోనని జూస్తున్న."

"పడుతున్నదా?" అని నా ముఖమే చూసింది.

లేదన్నాను.

గురువారం గురువారం బేరమని చెప్పి ఎక్కడికి పోతున్నాననుకుంటోందో. నేను పోయేది ఊళ్లోనే వజీరాబాద్ పేటలో ఉన్న డాక్టరు దగ్గరికి. ఆయన ఎక్స్‌రేలో మచ్చ చూపించి, హైదరాబాద్ వెళ్లమని ఎన్నిసార్లు చెప్పాడో. ఆమె ఎదుట కూర్చుంటే దగ్గు వస్తుంది కానీ మాట రాదు.

రేపు గురువారం. ఇందాక ఒత్తి సర్ది, డబ్బాను ఉన్నచోటే గట్టిగా కట్టి వచ్చాను. పొద్దున నెమ్మదిగా నడపాలి. చుక్కలు మరీ దూరం దూరంగా పడితే ఆమె దారి తప్పుతుంది.